కఫీల్ బీరువాలో మన బతుకు

2015 ఎండాకాలంలో ఒక రాత్రి మా చిన్నాయిన కొడుకు సౌదీ నుంచి ఫోన్ చేశాడు. పోయి అప్పటికి ఐదు నెలలు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"అన్నా, ఇంట్ల ట్రంకుపెట్టెల నా వీసా జిరాక్స్ ఉన్నది. దాని మీద నా పని ఏమని రాసిందో ఎవలకన్న జెర చూపియ్యే."

ఆ జిరాక్స్ తీయించింది నేనే. వాడు విమానం ఎక్కే ముందు రోజు జగిత్యాల బస్టాండు దగ్గర రెండు కాపీలు తీయించాను. ఒకటి వాడి సంచిలో పెట్టి, ఇంకొకటి చిన్నమ్మ చేతికిచ్చి "భద్రంగ దాచు" అని చెప్పాను. డిగ్రీ చదివినవాణ్ని, పత్రికలో పనిచేసేవాణ్ని. అరబ్బీలో ఉన్న ఆ నాలుగు వరుసల్లో ఏమున్నదో అడిగి తెలుసుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మరునాడు ఆ కాగితం పట్టుకొని హైదరాబాద్ పాతబస్తీలో అరబ్బీ చదివిన ఒక పెద్దమనిషి దగ్గరికి పోయాను. అద్దాలు సవరించుకొని ఆయన ఒక్క క్షణంలో చదివేశాడు. "రాయీ అఘ్నామ్ అని ఉన్నది బేటా. గొర్రెల కాపరి."

ఏజెంటు చెప్పింది సూపర్‌మార్కెట్‌లో సామాన్లు సర్దే పని. నెలకు 1200 రియాళ్లు, రూము, తిండి కంపెనీదే. తమ్ముడు చేస్తున్నది ఊరికి ఎంతో దూరాన ఎడారిలో ఒక గుడారం, రెండు వందల గొర్రెలు, నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపు. ఎవరో దారి మళ్లించి మోసం చేశారని మేమంతా అనుకుంటున్నం. దారి మళ్లలేదు. కాగితం ఎక్కడికి పొమ్మన్నదో వాడు అక్కడికే పోయాడు. ఆ మాట ఐదు నెలలుగా మా ఇంటి ట్రంకుపెట్టెలోనే ఉన్నది. చదివినవాడే లేడు.

ఉద్యమంలో రోడ్ల మీద "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని గొంతు పోయేదాకా నినదించినవాళ్లలో నేనూ ఒకణ్ని. దుబాయి గోస మీద మాట్లాడటం వచ్చింది. తమ్ముని వీసా చదివించడం రాలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి రాస్తున్నది.

పది పాసైతే చట్టం పక్కకు జరుగుతది

గల్ఫ్ అనగానే మనకు ఎండ గుర్తుకొస్తుంది, కఫీల్ గుర్తుకొస్తాడు, విమానంలో వచ్చే శవపేటిక గుర్తుకొస్తుంది. కానీ గల్ఫ్‌లో మనిషి చెడిపోయే చోటు చాలాసార్లు ఎడారి కాదు. మన మండల కేంద్రంలో, ఏజెంటు టేబుల్ మీద, సంతకం పెట్టే ఆ పది నిమిషాల్లోనే అంతా అయిపోతుంది. అక్కడ జరిగేది దానికి కొనసాగింపే.

మన వలసలకు ఆధారమైన ఎమిగ్రేషన్ చట్టం 1983 నాటిది. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. అంటే గల్ఫ్ సహా 18 దేశాలకు పని మీద పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే పని ఇచ్చే యజమాని వివరాలు, ఒప్పందం, జీతం, రిజిస్టరైన ఏజెంటు పేరు అన్నీ కాగితం మీదికి రావాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా కూడా తీసుకోవాలి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. సినిమా టికెట్ ఖర్చుకు పది లక్షల ధీమా.

మరి పది పాసైనవాడికి? ఏ అనుమతీ అక్కర లేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకుంటాడని చట్టం నమ్మకం. మా తమ్ముడు పది పాసయ్యాడు. "నీకు స్టాంపింగ్ లొల్లి లేదు తమ్మీ, సీదా పోవుడే" అని ఏజెంటు అంటే ఇంటిల్లిపాదీ సంబురపడ్డం. ఆ లొల్లి లేకపోవడం వల్లనే వాని ఒప్పందం ఎవరూ చూడలేదు. బీమా ఎవరూ కట్టమనలేదు. తెలుగు మీడియంలో పది చదివినవాడు అరబ్బీ వీసా ఎట్ల చదువుతాడని చట్టం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

రెండో తోవ విజిట్ వీసా. చూడ్డానికి పోతున్నట్టు దుబాయి పంపి, అక్కడ పని వీసా మార్పిస్తమంటారు. చూడ్డానికి పోయేవాడు కార్మికుడు కాడు కాబట్టి వానికి ఎమిగ్రేషన్ లెక్క లేదు, ఒప్పందం లేదు, బీమా లేదు. వీసా గడువు దాటిన రోజు నుంచి జరిమానా మాత్రం ఉన్నది.

ఇక పైసలు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజుకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి 30 వేలు, దాని మీద జీఎస్టీ. ఆ ఫీజుకు రసీదు ఇవ్వాలి. మా ఊర్లో అడిగి చూడండి, లక్షకు తక్కువ కట్టిన ఒక్క మనిషిని చూపించండి. మా తమ్ముడు లక్షా పాతిక వేలు కట్టాడు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. రసీదు లేదు. కట్టింది ఏజెంటుకు కూడా కాదు, ఏజెంటు మనిషినని చెప్పుకునే సబ్ ఏజెంటుకు. చట్టం ప్రకారం లైసెన్సు లేని ఆ సబ్ ఏజెంటు దందాయే నేరం. పోలీస్ స్టేషన్‌కు పోతే మొదటి ప్రశ్న: "పైసలిచ్చినట్టు రుజువేది?" కాగితం లేనివాడు అక్కడా ఓడిపోతాడు, ఇక్కడా ఓడిపోతాడు.

వీసా మీది ఒక్క మాట

కొందరు మిత్రులు అంటుంటారు, "ఇప్పుడు గల్ఫ్ చట్టాలు మారినయి కదా" అని. మారినయి, కాదనను. యూఏఈ 2009లోనే జీతం బ్యాంకు ద్వారానే ఇయ్యాలనే పద్ధతి తెచ్చింది. ఖతర్ 2020లో పాత యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు ఇచ్చింది. 2021లో నెలకు 1000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. సౌదీ 2021 మార్చి నుంచి కొన్ని షరతులతో యజమాని మారే వీలు, యజమాని సంతకం లేకుండానే దేశం దాటే వీలు కల్పించింది.

కానీ సౌదీ సంస్కరణలో మినహాయింపులు చూడండి. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు అందులోకి రాలేదు. అంటే అదే మనిషి, అదే దేశం, అదే కష్టం. వీసా మీద కంపెనీ కార్మికుడని ఉంటే ఒక చట్టం, గొర్రెల కాపరి అని ఉంటే ఇంకో చట్టం. కువైట్‌లో ఈ సంగతి కడప, గోదావరి జిల్లాల ఆడబిడ్డలకు బాగా తెలుసు. అక్కడ 18 నెంబరు వీసా కంపెనీ పనికి, 20 నెంబరు వీసా ఇంటి పనికి. ఆ అంకె ఒక్కటి మారితే మనిషికి ఉండే హక్కులే మారిపోతాయి. వీసా మీది ఆ ఒక్క మాట మన జీతం కంటే ముందు చూసుకోవాల్సిన మాట. మనం జీతం అడుగుతం, ఓటీ అడుగుతం, తిండి ఎవరిదని అడుగుతం. పని పేరు అడగం.

తమ్ముని కథ అక్కడితో ఆగలేదు. దిగిన రోజే కఫీల్ పాస్‌పోర్టు తీసుకొని బీరువాలో పెట్టుకున్నాడు. కార్మికుని పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారమే తప్పు. తప్పని చెప్పే నోరు ఎవరికి ఉంటుంది? వచ్చిన 90 రోజుల్లో యజమాని అకామా, అంటే నివాస గుర్తింపు కార్డు, తీసి ఇయ్యాలి. దాని ఖర్చు కూడా యజమానిదే. తమ్మునికి అది ఏడు నెలల దాకా రాలేదు. అకామా లేనివాడు దవాఖానకు పోలేడు, ఇంటికి పైసలు పంపలేడు, రోడ్డు మీద నడవడానికి కూడా భయమే.

2016 మొదట్లో ఒక నీళ్ల ట్యాంకరు డ్రైవర్ కాళ్లావేళ్లా పడి రియాద్ చేరాడు. కఫీల్ "పారిపోయాడు" అని రాయించాడు. దాన్నే హురూబ్ అంటారు. ఆ ఒక్క నమోదుతో జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు అయ్యాడు, జీతం రానివాడు నేరస్తుడయ్యాడు. అక్కడి మనవాళ్ల భాషలో వాడు ఇక ఖల్లివెల్లి. ఆ అరబ్బీ మాటకు "పోనీ, వదిలెయ్" అని అర్థం. ఏ లెక్కలోనూ లేని మనుషులకు మనవాళ్లు పెట్టుకున్న పేరు అది.

ఆ యేడు చివర్ల చిన్నాయిన పోయాడు. కొడుకు తలకొరివి పెట్టాలె. పాస్‌పోర్టు లేదు, అకామా లేదు, ఎగ్జిట్ రాదు. నేను పాడె పక్కన ఫోన్ పట్టుకొని నడిచాను. వాడు రియాద్‌లో ఒక రేకుల రూములో కూర్చొని వీడియోలో చూశాడు. నెట్ సరిగా లేక బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. "ఆగింది అన్నా, మల్ల చెయ్" అనేవాడు. ఆ మాట నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

2017లో సౌదీ క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా, మళ్లీ రావద్దన్న నిషేధం లేకుండా వెళ్లిపోవచ్చన్నారు. రాయబార కార్యాలయం దగ్గర వరుసలో నిలబడి, ఔట్‌పాస్ అనే తెల్లకాగితం తీసుకొని, వేలిముద్ర వేసి తమ్ముడు శంషాబాద్‌లో దిగాడు. రెండున్నర ఏండ్లలో సంపాదించింది మిత్తికి కూడా సరిపోలేదు. అప్పు తీర్చడానికి ఇంటి ముందటి అరెకరం పోయింది.

బతికున్నప్పుడు లేని కాగితం చచ్చినంక ఎట్ల వస్తది?

గల్ఫ్‌లో మనిషి చనిపోతే శవం ఇంటికి రావడానికి ఎన్ని కాగితాలు కావాలో ఎప్పుడన్నా లెక్కపెట్టారా? దవాఖాన నివేదిక, పోలీసుల పత్రం, మరణ ధ్రువపత్రం, కుటుంబం ఇచ్చే అధికార పత్రం, మన రాయబార కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, పాస్‌పోర్టు రద్దు, శవం చెడిపోకుండా మందు పట్టించినట్టు పత్రం. అప్పుడు కార్గోలో ఎక్కిస్తారు. ఇందులో ఒక్క చోట పేరు తప్పు పడినా వారాలు గడిచిపోతాయి.

పేర్లు తప్పు పడకుండా ఉంటాయా? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం. భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఒక చోట, అత్తగారి ఇంటిపేరుతో ఇంకో చోట. బీమా పైసలు రావాలన్నా, కంపెనీ బకాయిలు రావాలన్నా ఈ రెండు పేర్లూ ఒకరివేనని నిరూపించే పని ఆ పుట్టెడు దుఃఖంలో ఆడమనిషి మీద పడుతుంది. తహసీల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఆ ఆడబిడ్డలను చూడని విలేకరి మా జిల్లాలో లేడు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇస్తూ ఉత్తర్వులు తెచ్చింది. అదే యేడు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. మంచిదే. ఎన్నో ఏండ్లు అడిగితే వచ్చిన మేలు, చిన్నబుచ్చను. కానీ శవపేటిక వచ్చినంక కదిలే యంత్రాంగం, మనిషి విమానం ఎక్కేటప్పుడు ఎందుకు కదలదు? ప్రజాభవన్ జగిత్యాలకు దాదాపు 200 కిలోమీటర్లు. ఏజెంటు ఆఫీసు మాత్రం బస్టాండు పక్కనే ఉంటుంది. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా పేరుతో ఒక శాఖనే పెట్టుకున్నది. మలయాళీకి లేని కష్టం మనకు వచ్చిందని కాదు, మలయాళీకి ఉన్న కాగితం మనకు లేదు.

ఢిల్లీ సంగతి కూడా మరువద్దు. 2020లో కరోనాకు వేలమంది జీతాలు, గ్రాట్యుటీ వదిలేసి వట్టి చేతులతో విమానాలు ఎక్కి వచ్చారు. సరిగ్గా అప్పుడే, ఆ సెప్టెంబరులో, గల్ఫ్‌కు పోయే మనవాళ్ల కనీస సిఫార్సు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు ఇచ్చింది. గల్ఫ్ సంఘాలు మొత్తుకుంటే, తెలంగాణ హైకోర్టు దాకా పోతే, 2021లో వెనక్కి తీసుకున్నది. రైతుకు మద్దతు ధర సగానికి తగ్గిస్తే ఊరు ఊరుకుంటదా? గల్ఫ్ కార్మికుని ధర తగ్గిస్తే ఎందుకు ఎవరికీ పట్టలేదు?

జవాబు చిన్నది. వానికి ఓటు లేదు. ప్రవాసులకు 2011 నుంచి ఓటరుగా నమోదయ్యే హక్కు వచ్చింది. ఫారం 6ఏ నింపొచ్చు. కానీ ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి వచ్చి బూత్‌లో నిలబడాలి. రెండేండ్లకోసారి సెలవు దొరికేవాడు ఎన్నికల తేదీకి టికెట్ కొనుక్కొని వస్తాడా? వాడు పంపే పైసలతో ఊర్లో ఇండ్లు లేస్తాయి, బిడ్డల పెండ్లిళ్లు అయితాయి. రేషన్ కార్డు ఈ-కేవైసీకి వేలిముద్ర వేయమనగానే మాత్రం "పేరు పోతదేమో" అని దేశంగాని దేశంలో గుండెలు పట్టుకుంటాడు.

అడగాల్సింది, చేసుకోవాల్సింది

1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలని 2025లో కేంద్రం ముసాయిదా బయటపెట్టింది. చట్టం ఏ రూపంలో ఉన్నా మనం పట్టుబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. పది పాసైనా కాకున్నా, గల్ఫ్‌కు పనికి పోయే ప్రతి మనిషి చేతిలో ఒప్పందం తెలుగు ప్రతి ఉండాలి. బీమా అందరికీ తప్పనిసరి కావాలి. వలసలు ఎక్కువున్న ప్రతి మండలంలో వీసా, ఒప్పందం చదివి చెప్పే ఒక టేబుల్, ఒక మనిషి ఉండాలి. ధాన్యం కొనడానికి ఊరూరా కేంద్రాలు పెట్టగలిగిన ప్రభుత్వానికి ఇది పెద్ద పని కాదు. సబ్ ఏజెంటు మీద ఫిర్యాదు వస్తే "రుజువేది" అని తిప్పి పంపడం మానాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. పోయే తమ్ములకు నా మాట ఇది. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, చూసుకో. పైసలు బ్యాంకు ద్వారా కట్టు, చేతికియ్యకు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటినీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లకు పంపు. పోయేలోపే పాస్‌పోర్టు, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేర్లు కలుపుకో, నామినీగా భార్య పేరు సరిగా రాయించు. బీమా గడువు ఎప్పుడు అయిపోతదో క్యాలెండర్ మీద రాసి పెట్టు. సౌదీకి పోతే అకామా రాగానే నీ ఫోన్‌లో నీ పేరు మీదనే అబ్షర్ తెరువు, అకామా గడువు నీ కండ్లతో నువ్వే చూసుకోవచ్చు. జీతం చీటీ ఒక్కటి కూడా పారెయ్యకు. ఇంటికొచ్చే రోజు గ్రాట్యుటీ లెక్క దాని మీదనే తేలుతది.

చదువుకున్న విద్యార్థులకు, ఉద్యోగులకు నా మాట వేరే. మనం అమెరికా వీసా ఫారం నింపడానికి రాత్రంతా మేలుకుంటం. ఒక్కో గడి నాలుగుసార్లు సరిచూసుకుంటం. అదే ఇంట్లోంచి సౌదీకి పోయే తమ్ముని వీసా వైపు ఒక్కసారి కూడా చూడం. అప్పట్లో అరబ్బీ రాదని నేను తప్పించుకోవచ్చు. ఇప్పుడు ఫోన్ కెమెరా పెడితే అరబ్బీ అక్షరాలు తెలుగులోకి వస్తున్నాయి. ఇక సాకు కూడా లేదు. సెలవులకు ఊరికి పోయినప్పుడు వాడకట్టులో ఎవరు గల్ఫ్ పోతున్నారో అడిగి, ఆ కాగితం ఒక్కసారి అడిగి చూడండి.

మా తమ్ముడు ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. పోయినసారి నేను ఊరికి పోయినప్పుడు మా వాడకట్టు పిల్లగాడు ఒకడు వీసా పట్టుకొని వాని దగ్గరికి వచ్చాడు. కంపెనీ డ్రైవర్ అని చెప్పారట, అప్పుడే అరవై వేలు ఇచ్చాడట. తమ్ముడు ఫోన్ కూడా తీయలేదు. కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

"సాయిఖ్ ఖాస్. అంటే ఇంటి డ్రైవర్‌వురా. కంపెనీ కాదు. పొద్దుగాల పోయి ఆ ఏజెంటును అడుగు. పైసలు వాపస్ ఇయ్యమను, లేకుంటే కంపెనీ వీసా చూపియ్యమను."

"నీకు అరబ్బీ ఎట్ల వచ్చిందే కాకా?" అన్నాడు ఆ పిల్లగాడు.

తమ్ముడు జవాబు చెప్పలేదు. రెండున్నర ఏండ్లు, అరెకరం భూమి, తండ్రి తలకొరివి పెట్టి నేర్చుకున్న చదువు అది. ఊరికో మనిషి ఆ ధర కట్టి నేర్చుకునేదాకా ఆగుదామా? ఆ టేబుల్ ఏదో ఇప్పుడే మండలంలో పెట్టించుకుందామా?